గట్టు దాటని శాస్త్రం: గోదావరి డెల్టా మంచినీటి చేపల పరిశోధనపై సమీక్ష

చేపల ఉత్పత్తిలో దేశంలోనే ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. ఆ స్థానం నిలబడింది చాలావరకు కొల్లేరు చుట్టూ ఏలూరు, పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాల్లో పరుచుకున్న మంచినీటి చెరువుల మీదే. ఇంత సాగు జరిగే చోట శాస్త్రం ఏం చెప్పింది, రైతు ఏం చేశాడు, చివరికి ఎవరి మాట నిలిచింది అన్న చర్చ దశాబ్దాలుగా నడుస్తోంది. మొదట్లో అది చెరువులో ఎన్ని జాతులు వెయ్యాలన్న చర్చ మాత్రమే. తర్వాత మేత వచ్చి చేరింది. ఆపైన పిల్ల నాణ్యత, మందులు, విదేశీ జాతులు, కొల్లేరు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. ఇప్పుడు ఒకరు దిగుబడి లెక్క చెబితే ఇంకొకరు మురుగు లెక్క అడుగుతున్నారు. శాస్త్రవేత్త జన్యువులంటే వ్యాపారి హౌరా మార్కెట్ ధర అంటున్నాడు. అన్నీ ఒకే వాదంగా చిక్కుపడ్డాయి. ఆ చిక్కు విడదీసి ఏది తేలిందో, ఏది తేలలేదో చూడడం ఈ సమీక్ష పని.

నది నుంచి చెరువుకు

ఈ ప్రాంతంలో చేపల పరిశోధన చెరువులో కాదు, నదిలో మొదలైంది. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే పులసకు దారి తెగింది. వలస చేపకు, ఆనకట్టకు ఉన్న ఈ పేచీయే తొలి తరం జీవశాస్త్రజ్ఞుల ప్రశ్నల్లో ఒకటి. గోదావరి మంచినీటి రొయ్య మాక్రోబ్రాకియం మాల్కమ్‌సోని జీవితచక్రం మీద కె.హెచ్. ఇబ్రహీం 1962లో ప్రచురించిన అధ్యయనం కూడా ఆ కోవలోదే. ఏ జాతి ఎక్కడ ఉంటుంది, ఎప్పుడు గుడ్లు పెడుతుంది, ఎంత దూరం పోతుంది అన్నవే అప్పటి ప్రశ్నలు.

పరిశోధనను చెరువు వైపు మళ్లించింది 1957 నాటి ఒక ప్రయోగం. బొచ్చె, రాగండి, ఎర్రమోసు నిలవ నీటిలో పెరుగుతాయి గానీ గుడ్లు పెట్టవు. వాటికి వానాకాలపు వరద నీరు కావాలి. అందుకే పిల్ల కోసం నదుల మీదే ఆధారపడాల్సి వచ్చేది, అందులో అక్కరలేని జాతులూ కలిసి వచ్చేవి. ఆ ఏడాది జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి చేప మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి కార్పు జాతులతో గుడ్లు పెట్టించారు. దేశంలో మత్స్య రైతుల దినోత్సవాన్ని అదే తేదీన జరుపుతున్నారు. తర్వాతి కాలంలో గ్రంథి సారం స్థానంలో ఓవాప్రిమ్ వంటి తయారీ హార్మోన్లు వచ్చాయి. ఇవి చేప సొంత గ్రంథినే పనిలో పెడతాయి. 1980ల్లో వచ్చిన చైనా తరహా గుండ్రటి హేచరీలో తిరిగే నీరు గుడ్లను అడుగుకు దిగనివ్వదు. ఈ రెండూ కలిసి పిల్ల ఉత్పత్తిని ఒక పరిశ్రమగా మార్చాయి.

డెల్టాలో ఆ పరిశ్రమకు నేల 1970ల మధ్యలో సిద్ధమైంది. వరదకు వరి పోయే కొల్లేరు ప్రాంతంలో ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాల పేరిట చెరువులు తవ్వించింది. 1980ల్లో ప్రైవేటు చెరువులు సరస్సు లోపలికీ, చుట్టుపక్కల వరి చేలలోకీ పాకాయి. మొదట కలకత్తా నుంచి తెచ్చుకున్న పిల్లను కొన్నేళ్లకు కైకలూరు, బాదంపూడి చుట్టుపక్కల హేచరీలే ఇవ్వసాగాయి. ఉండి మత్స్య పరిశోధన కేంద్రం, బలభద్రపురంలో కేంద్ర మత్స్య విద్యా సంస్థ క్షేత్రం, కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి జీవుల పెంపక సంస్థ (సిఫా) వారి విజయవాడ ప్రాంతీయ కేంద్రం ఈ సాగును పట్టించుకున్న ముఖ్య సంస్థలు. నరసాపురం దగ్గర మత్స్య విశ్వవిద్యాలయానికి 2022లో శంకుస్థాపన జరిగింది.

ఆరు జాతులా, రెండు జాతులా?

అసలు వాదం ఇక్కడ మొదలైంది. 1971లో మొదలైన అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం మిశ్రమ చేపల సాగును సిఫారసు చేసింది. బొచ్చె, రాగండి, ఎర్రమోసులతో పాటు వెండిచేప, గడ్డిచేప, బంగారుతీగ కలిపి ఆరు జాతులు వెయ్యాలన్నది దాని సారాంశం. లెక్క చక్కనిది. బొచ్చె పైనీటిలో జంతుప్లవకాలను తింటుంది. రాగండి నడిమి నీటిలో మేస్తుంది. మోసు, బంగారుతీగ అడుగు బురద చూసుకుంటాయి. వెండిచేప వృక్షప్లవకాలు, గడ్డిచేప నాచు, తూడు తింటాయి. ఎవరి తిండి వారికి ఉన్నప్పుడు చెరువులో ఏదీ వృథా పోదు.

డెల్టా రైతు ఈ లెక్కను కొన్నాళ్లు పాటించి పక్కన పెట్టాడు. మోసు బురదలో దాక్కుని పట్టుబడిలో వలకు చిక్కదు. బంగారుతీగ గట్టు తవ్వుతుంది, ధరా తక్కువే. వెండిచేప బొచ్చె తిండికి పోటీ వస్తుంది, పైగా దాని మాంసం మెత్తన. ఐసులో పెట్టి లారీలో అస్సాం, బెంగాల్ చేర్చేలోపు చెడిపోతుంది. గడ్డిచేపకు రోజూ గడ్డి కోసి వెయ్యాలి. మిగిలినవి రెండు: ఎక్కువ భాగం రాగండి, కొద్దిగా బొచ్చె. ఎఫ్‌ఏఓ 2013లో ప్రచురించిన రామకృష్ణ, షిప్టన్, హసన్‌ల సర్వే కూడా ఆంధ్ర చెరువుల్లో రాగండిదే పైచేయి అని తేల్చింది.

దీనికి తోడు రైతులు ఇంకో పద్ధతి పట్టుకున్నారు. చిన్న పిల్లను నేరుగా పెంపకపు చెరువులో వదలరు. ముందు ఒక చెరువులో కిక్కిరిసి ఉంచి, మేత తగ్గించి, ఏడాది దాకా ఎదుగుదల ఆపుతారు. తర్వాత వంద గ్రాములు దాటిన ఆ ‘జీరో సైజు’ పిల్లను పెద్ద చెరువులోకి మారుస్తారు. ఆకలి తీరగానే అది మామూలు పిల్ల కంటే జోరుగా పెరుగుతుంది. జీవశాస్త్రంలో దీన్ని పరిహార వృద్ధి అంటారు. బతికే శాతమూ ఎక్కువే, ఎందుకంటే బలహీనమైనవి మొదటి దశలోనే పోతాయి. ఇలా మంచి యాజమాన్యం ఉన్న చెరువుల్లో హెక్టారుకు ఎనిమిది టన్నులకు అటూ ఇటూ దిగుబడి రావడం మొదలైంది.

ఈ వివాదంలో రెండు పక్షాలూ తమ ప్రశ్న వరకు సరైనవే. చెరువులో పుట్టే సహజ ఆహారం మీద ఆధారపడే చోట ఆరు జాతుల పద్ధతికే లాభం. బయటి మేత పోసే చోట, సరుకు వెయ్యి మైళ్లు ప్రయాణించే చోట మార్కెట్ కోరిన జాతిదే గెలుపు. పరిశోధన చెరువు లెక్క వేసింది. రైతు మార్కెట్ లెక్క వేశాడు. తర్వాతి కాలంలో శాస్త్రవేత్తలు కూడా రైతు పద్ధతిని చిన్నచూపు చూడడం మాని అధ్యయనం చెయ్యడం మొదలుపెట్టారు. మోసుకు బదులుగా గోదావరి, కృష్ణ, కావేరి నదుల సొంత జాతి లేబియో ఫింబ్రియేటస్‌ను కలపాలన్న సిఫారసు మాత్రం ఇంకా డెల్టా చెరువుల దాకా పెద్దగా రాలేదు. కారణం పాతదే: ఎదుగుదల నెమ్మది.

తవుడు సంచి, గుళిక మేత

డెల్టా చేపల మేతకు ఆధారం వరి మిల్లు. నూనె తీసిన తవుడు (డీఓబీ), దాంతో పాటు వేరుశనగ చెక్క, పత్తి చెక్క. దీన్ని చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి వెదురు గడలకు కట్టి నీటిలో వేలాడదీస్తారు. చేపలు చిల్లుల దగ్గరికి వచ్చి పీల్చుకుంటాయి. సంచి ఎంత సేపట్లో ఖాళీ అయిందో చూసి రైతు మర్నాటి మేత నిర్ణయిస్తాడు. ప్రయోగశాలలో కాక గట్టు మీద పుట్టిన పద్ధతి ఇది. చల్లే మేతతో పోలిస్తే వృథా తగ్గిందని నిపుణులు కూడా ఒప్పుకున్నారు.

అయితే జీర్ణక్రియ దగ్గర ఒక చిక్కుంది. కార్పు జాతులకు జీర్ణాశయం లేదు, కాబట్టి ఆమ్లమూ లేదు. తవుడులోని భాస్వరం ఎక్కువగా ఫైటేట్ రూపంలో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ చేపకు లేదు. ఆ భాస్వరం ఒంటికి పట్టకుండా నీటిలోకే పోతుంది. కోళ్ల ఎరువుతో వచ్చే భాస్వరం దానికి తోడవుతుంది. నాచు దట్టంగా పెరుగుతుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి తేలతాయి. నీలి ఆకుపచ్చ నాచు ఎక్కువైతే మాంసానికి మట్టివాసన పట్టే ప్రమాదం కూడా ఉంది.

అందుకే ఒక వర్గం నీటిపై తేలే గుళిక మేతను సమర్థిస్తుంది. పోషకాలు సమతూకంగా ఉంటాయి, తక్కువ మేతతో ఎక్కువ పెరుగుదల వస్తుంది, నీరు శుభ్రంగా ఉంటుంది. రెండో వర్గం ధర అడుగుతుంది. రాగండి అమ్మకపు ధర తక్కువ. గుళిక మేత ఖర్చు అందులో ఇమడదు. ఈ వాదన సగమే తేలింది. కిలో చేపకు ఎంత మేత అన్న లెక్కలో గుళికదే పైచేయి. కిలో చేపకు ఎంత ఖర్చు అన్నది ప్రతి సీజన్‌కూ మారుతుంది. మురుగుగా బయటికి పోయే భాస్వరం ఖర్చును మాత్రం రెండు పక్షాలూ లెక్కలో వెయ్యలేదు.

పిల్ల నాణ్యత: కనిపించని నష్టం

హేచరీలు పెరిగాక పిల్ల కొరత తీరింది, నాణ్యత ప్రశ్న పుట్టింది. కొద్ది జతల తల్లి చేపలతోనే తరం తర్వాత తరం గుడ్లు పెట్టిస్తే రక్తసంబంధీకుల మధ్య సంకరం జరుగుతుంది. అంబేకర్ ఏక్‌నాథ్, రోజర్ డోయల్ కర్ణాటక హేచరీలను పరిశీలించి 1990లో ప్రచురించిన అధ్యయనంలో ఈ అంతఃప్రజననం ఏడాదికి 2 నుంచి 17 శాతం దాకా ఉండవచ్చని అంచనా వేశారు. దీనికి తోడు ఒకే తొట్టిలో అనేక జాతులకు గుడ్లు పెట్టించడం వల్ల బొచ్చె, రాగండి కలిసిన సంకరాలు పుడతాయి. తర్వాత అవే తల్లి చేపలుగా వాడకంలోకి వస్తాయి.

దీనికి సమాధానంగా సిఫా 1992లో నార్వే శాస్త్రవేత్తలతో కలిసి రాగండి మేలురకం ఎంపిక మొదలుపెట్టింది. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల చేపలతో పాటు క్షేత్రంలోని చేపలనూ మూల నిల్వగా తీసుకుంది. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయిన 1997లో దానికి ‘జయంతి రోహు’ అని పేరు పెట్టారు. ఎదుగుదలలో తరానికి సగటున 17 శాతం లాభం వచ్చిందని సంస్థ లెక్క. రోహు అంటే మన రాగండే.

ప్రశ్న అక్కడితో ఆగలేదు. ఈ రకం ఎంపిక జరిగింది సిఫా చెరువుల్లో, చిన్న పిల్ల దశ నుంచి. డెల్టా రైతు ఏడాది పాటు పస్తు పెట్టి పెంచే జీరో సైజు పిల్లలో ఈ లాభం ఎంత నిలుస్తుంది? కిక్కిరిసిన చెరువులో, తవుడు మేత మీద అదే పెరుగుదల వస్తుందా? ఇవి ఇక్కడి పరిస్థితుల్లో ఇంకా లోతుగా పరీక్షించాల్సినవి. ఆంధ్రప్రదేశ్ 2006లోనే జల విత్తన నాణ్యత నియంత్రణ చట్టం చేసింది. ఏ హేచరీ తల్లి చేపలు ఎక్కడివి, ఎన్ని తరాలవి అన్న రికార్డు లేకుండా ఆ చట్టం పని చెయ్యడం కష్టం.

కొత్త జాతులు: ఆశ, జాగ్రత్త

రాగండి ధర పడిపోయినప్పుడల్లా డెల్టా రైతు కొత్త జాతి వైపు చూశాడు. 1990ల్లో, 2000ల మొదట్లో నీలకంఠ రొయ్య మెరిసింది. తెల్లతోక వైరస్, అంతఃప్రజననం, ధరల పతనం కలిసి దాన్ని కొద్ది ఏళ్లలోనే కుంగదీశాయి. తర్వాత బంగ్లాదేశ్ మీదుగా వచ్చిన ఫంగస్ చేప వంతు. ఈ పంగాసియస్ గాలితిత్తితో గాలి పీల్చగలదు కాబట్టి ఆక్సిజన్ తక్కువైనా బతుకుతుంది, కిక్కిరిసి వెయ్యవచ్చు. పిరానా చేపకు దగ్గర చుట్టమైన రూప్‌చంద్ కూడా అదే దారిలో వచ్చింది. 2009లో అనుమతి పొందిన వెనామీ రొయ్యను పశ్చిమ గోదావరిలో మంచినీటి చెరువుల్లో, కొన్నిచోట్ల రాగండి, బొచ్చెలతో కలిపి పెంచుతున్నారు. తిలాపియాలో మెరుగుపరిచిన గిఫ్ట్ రకం పిల్లను రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం (ఆర్‌జీసీఏ) విజయవాడ సమీపంలో ఉత్పత్తి చేసింది.

జాగ్రత్తపరుల వాదన కూడా బలమైనదే. వరద వస్తే గట్టు తెగుతుంది. గట్టు తెగితే పరాయి చేప కొల్లేరులోకి, కాలువలోకి, గోదావరిలోకి చేరుతుంది. 1952లో దేశంలోకి వచ్చిన పాత తిలాపియా జలాశయాల్లో ఎలా పాతుకుపోయిందో అందరికీ తెలుసు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను (మార్పు చేపను) 2000లో కేంద్రం నిషేధించినా దొంగచాటు సాగు ఆగలేదు. కోడి వ్యర్థాలతో పెంచుతున్న చెరువులపై అధికారుల దాడులు ఇప్పటికీ వార్తే. మన సొంత కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి, గొరకలకు కొల్లేరు ఒకప్పుడు పుట్టిల్లు. వాటి పెంపకం మీద పరిశోధన ఎంత పెరిగితే పరాయి జాతుల అవసరం అంత తగ్గుతుంది. కొర్రమీను పిల్ల తయారీలో సిఫా, మరికొన్ని సంస్థలు ముందడుగు వేశాయి. కానీ ఒకదాన్నొకటి తినే గుణం, మేత ఖర్చు ఇంకా అడ్డంకులే.

రోగం, మందు, నమ్మకం

1988లో దేశంలోకి వచ్చిన పుండ్ల వ్యాధి (ఈయూఎస్) చేపల రోగ పరిశోధనను ఒక్కసారిగా కదిలించింది. దానికి మూలం అఫానోమైసిస్ ఇన్వడాన్స్ అనే బూజు తరహా జీవి అని తేలింది. సిఫా తయారుచేసిన ‘సిఫాక్స్’ మందు వాడకంలోకి వచ్చింది. రాగండి చెరువులను ఇప్పుడు ఎక్కువ వేధిస్తున్నది చేపపేను, అంటే ఆర్గ్యులస్. దానికి రైతులు పంట పురుగుమందులనే నీటిలో కలుపుతున్నారు. మోతాదు పెరిగితే జంతుప్లవకాలు చస్తాయి. బొచ్చెకు తిండి పోతుంది. పేను మందుకు అలవాటు పడుతుంది.

మందుల మీద అపనమ్మకం మార్కెట్‌ను కూడా తాకింది. ఫార్మలిన్ వివాదంలో 2018 జూలైలో అస్సాం, 2019 జనవరిలో బిహార్ ఆంధ్ర చేపల అమ్మకాన్ని కొద్ది రోజులు ఆపాయి. నిల్వ కోసం ఎక్కడ, ఎవరు కలిపారన్నది తేలకముందే నష్టం చెరువు రైతు మీద పడింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసిన సత్వర పరీక్ష పట్టీలు ఉన్నాయి. వాటిని ఆకివీడు, భీమవరం, కైకలూరు ఎగుమతి కేంద్రాల్లో లారీ కదలకముందే వాడి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ఉంటే ఇలాంటి వివాదం మార్కెట్ దాకా వెళ్లదు.

కొల్లేరు: గట్టు బయటి ప్రశ్న

ఈ చర్చలన్నీ చివరికి నీటి దగ్గరికి వస్తాయి. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అయిదో కాంటూరు (సముద్ర మట్టం నుంచి ఎత్తును చూపే గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు దాని పరిధి. 2001 ఫిబ్రవరి నాటి ఉపగ్రహ చిత్రాలను చదివిన ఆంధ్రా విశ్వవిద్యాలయ బృందం 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 42 శాతం చేపల చెరువులే ఉన్నాయని 2004లో ప్రకటించింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట గట్లు తెగగొట్టారు. ఆ తర్వాత మూడో కాంటూరు దాకా పరిధి కుదించాలన్న డిమాండ్ శాసనసభకూ ఎక్కింది. ఆ డిమాండ్‌ను పరిశీలించిన అజీజ్ కమిటీ కుదింపును సమర్థించలేదు.

ఇక్కడ మూడు ఆలోచనా ధోరణులు కనిపిస్తాయి.

- సంరక్షణవాదులు: సరస్సు వరదను ఆపుతుంది, పక్షులకు గూడు, నీటిని వడపోస్తుంది, చెరువు అక్కడ ఉండకూడదు. వారి బలం జలశాస్త్రం. బలహీనత, అక్కడి వడ్డి మత్స్యకారుల జీవనానికి ప్రత్యామ్నాయం చూపలేకపోవడం.
- ఉత్పత్తివాదులు: వరదకు వరి పోయే నేలలో చేపే సరైన పంట, లక్షల మందికి ఉపాధి. వారి బలం ఆర్థిక లెక్క. బలహీనత, ఒక చెరువు మురుగు పక్క చెరువు మంచినీరు అవుతుందన్నది లెక్కలో లేకపోవడం.
- మధ్యేమార్గులు: చెరువులుండాలి, అయితే ఎన్ని, ఎక్కడ, ఎంత సాంద్రతతో అన్నది నీటి సామర్థ్యం నిర్ణయించాలి. వారి బలం తర్కం. బలహీనత, ఆ సామర్థ్యాన్ని కొలిచిన లెక్క చేతిలో లేకపోవడం.

ఏది తేలింది, ఏది తేలలేదు

తేలినవి కొన్ని ఉన్నాయి. ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించే ప్రేరిత ప్రజననం స్థిరపడిన విజ్ఞానం. పస్తు పెట్టిన పిల్ల తర్వాత జోరుగా పెరుగుతుందన్నది నిజం. ఆరు జాతుల పద్ధతి సహజ ఆహారానికి, రాగండి ప్రధాన పద్ధతి మేత ఆధారిత సాగుకు తగినవి. నియంత్రణ లేని హేచరీలో జాతి నాణ్యత తగ్గుతుంది.

తేలనివి ఎక్కువ. జన్యు లాభం రైతు చెరువులో ఎంత దక్కుతుంది? ఒక కాలువ కింద ఎన్ని ఎకరాల చెరువులను నీరు మోయగలదు? వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెరువులు మురుగు కాలువల నీటితోనూ, బోరు నీటితోనూ నిండితే నేల ఉప్పెక్కడం ఎంత? వెనామీ, రాగండి కలిపి పెంచితే రోగాల లెక్క ఎలా మారుతుంది? ఇవి ఏవీ ఒక చెరువులో ప్రయోగం చేసి తేల్చగలిగేవి కావు.

గడచిన అర్ధ శతాబ్దపు పరిశోధనలో చెరువు లోపలి ప్రశ్నలకు చాలావరకు జవాబులు దొరికాయి. మిగిలిన ప్రశ్నలన్నీ గట్టు బయటివి. అందుకే ఇకపై పరిశోధన ప్రమాణం ఒక చెరువు కాకూడదు. ఒక కాలువ, దాని కింది చెరువులు, వాటి మురుగు పోయే డ్రెయిన్ కలిసి ఒక ప్రమాణం కావాలి. 2020లో ఏర్పడిన రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ, నరసాపురం విశ్వవిద్యాలయం ఈ పని నెత్తిన వేసుకోవాలి. కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు మొదలుకొని ఒక డ్రెయిన్ పరిధిని ఎంచుకుని కొన్నేళ్ల పాటు నీటి నాణ్యత, మేత, రోగం, దిగుబడి లెక్కలు కలిపి సేకరించి రైతులకు, పర్యావరణవాదులకు ఒకేలా అందుబాటులో ఉంచాలి. ఆ లెక్క లేనంత కాలం కొల్లేరు మీద ఎవరి వాదమైనా అభిప్రాయమే అవుతుంది గానీ శాస్త్రం కాదు.